పులసకున్న గడువు రొయ్య పిల్లకేదీ?

ఉప్పు తేడా చూడకుండా సీడు దింపితే నష్టం మొదటిరోజే... తెలిసేది మాత్రం నెలకి!

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న మాట గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాడికీ తెలుసు. కానీ ఆ చేప సముద్రంలో ఉన్నంతకాలం పులస కాదు, విలస. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి ఏటికి ఎదురెక్కుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠలో నీరు ఒకలా ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ ఉప్పు తగ్గుతూ పోతుంది. ఆ దారి పొడవునా చేప ఒళ్లు కొత్త నీటికి సర్దుకుంటూ వస్తుంది. అందుకే సముద్రపు చేప అయినా మంచినీటిలో బతికి బట్టకడుతుంది.

ఇక మన రొయ్య పిల్ల సంగతి చూడండి. పుట్టింది ఉప్పాడ తీరాన ఏ హేచరీలోనో, సముద్రపు నీటిలో. రాత్రి సంచిలో ఎక్కుతుంది. తెల్లారేసరికి భీమవరం అవతల ఓ చెరువు గట్టు మీద ఉంటుంది. అక్కడి నీటిలో ఉప్పు సముద్రంలో ఉన్నదాంట్లో ఆరో వంతో, ఏడో వంతో. గట్టు మీద వ్యాను డ్రైవరు తొందర పెడుతుంటాడు. "తొందరగా కానివ్వండి బాబుగారూ, ఇంకో రెండు చెరువులకి దింపాలి" అంటాడు. సంచులు నీటిలో కాసేపు తేలేసి, మూతి విప్పి వదిలేస్తారు. పులసకి దేవుడిచ్చిన గడువు మన పిల్లకి మనం ఇవ్వం. పెట్టుబడిలో పెద్ద భాగం అక్కడే నీటిపాలవుతుంది.

కనపడని నష్టం

సీడు దింపినప్పుడు చచ్చిన పిల్ల నీటిపై తేలదు. అడుగుకి పోతుంది. మిగతా పిల్లలే కొన్నిటిని తినేస్తాయి. మర్నాడు గట్టు మీద నిలబడి చూస్తే చెరువు ప్రశాంతంగా కనిపిస్తుంది. రైతు పుస్తకంలో లక్ష పిల్లలని రాసుకుంటాడు. ఆ లెక్కనే మేత వేస్తాడు.

అసలు బతికినవి అరవై వేలే అనుకోండి. మిగతా నలభై వేల పిల్లల మేత ప్రతిరోజూ అడుగున కుళ్లుతుంది. నీరు చెడుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, ఏరియేటర్లు ఎక్కువ గంటలు తిప్పాలి. నెల దాటాక వల విసిరితే నాలుగు రొయ్యలు పడతాయి. అప్పుడు "సీడు మంచిది కాదు" అని హేచరీని, "మేత మంచిది కాదు" అని కంపెనీని తిడతాం. సీడు నాణ్యత లేకపోవడం కూడా ఉంటుంది, కాదనలేం. కానీ దింపిన పూట ఉప్పు ఎంత, చెరువులో ఎంత అని రాసి పెట్టుకోకపోతే తప్పు ఎవరిదో తేలేదెలా?

పదెకరాల ఆసామికి ఒక చెరువు పోతే ఇంకోటి ఆదుకుంటుంది. ఎకరం, ఎకరంన్నర కౌలుకి తీసుకుని అప్పు మీద సాగు చేసే వాళ్లకి మొదటి రోజు తప్పితే ఆ పంట తప్పినట్టే.

పీపీటీ అంటే ఏమిటి?

వెయ్యి గ్రాముల నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చెప్పే కొలతే పీపీటీ. సముద్రపు నీరు సుమారు 35 పీపీటీ. అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పులు. హేచరీలు మామూలుగా 28 నుంచి 32 మధ్య నీటిలో పిల్లలను పెంచుతాయి. కాలువ నీరు దాదాపు సున్నా. మన డెల్టా చెరువుల్లో ఒక్కో ఊరికి ఒక్కో లెక్క. మొగల్తూరు, నరసాపురం వైపు ఏటిపోట్లు తగిలే చోట ఒకటి, ఉండి, ఆకివీడు వైపు బోరు నీరు, మురుగు కాలువ నీరు కలిసే చోట ఇంకొకటి.

జీవి ఒంట్లోనూ ఉప్పు ఉంటుంది. వనామీ రొయ్య రక్తంలో ఉన్న ఉప్పు బయట సుమారు 25 పీపీటీ నీటికి సమానం. ఆ నీటిలో దానికి శ్రమ తక్కువ. అంతకంటే ఉప్పు తక్కువైన నీటిలో బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లో ఉప్పు బయటికి జారిపోతుంది. అప్పుడు మొప్పలు రాత్రింబవళ్లు పని చేసి ఉప్పును లోపలికి లాక్కోవాలి. ఆ పనికి శక్తి కావాలి. మొప్పలు కొత్త పద్ధతికి మారడానికి గంటలు, రోజులు పడుతుంది. వనామీ అర పీపీటీ నుంచి 45 పీపీటీ దాకా తట్టుకోగలదన్నది నిజమే. అయితే అది సర్దుకోవడానికి టైము ఇచ్చినప్పటి మాట. సాధారణంగా పిల్లను చంపేది తక్కువ ఉప్పు కాదు, ఒక్కసారిగా వచ్చిన తేడా.

టైగర్ నాటి మాట వేరు

"మా నాన్న టైగర్ వేసినప్పుడు ఇవన్నీ ఎక్కడున్నాయండీ?" అనే కుర్ర రైతులున్నారు. నిజమే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు ఎక్కువగా ఏటి ఒడ్డునే సాగింది. ఏటి నీరే చెరువుకి తోడేవారు. అందులో ఉప్పు బాగా ఉండేది. హేచరీ నీటికి, చెరువు నీటికి తేడా తక్కువ. ఏట్లో పట్టిన పిల్లనే దింపిన వాళ్లూ ఉన్నారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఆ సాగును దెబ్బతీసింది.

2009లో మన దేశంలో వనామీ సాగుకి అనుమతి వచ్చింది. తక్కువ ఉప్పులోనూ పెరుగుతుందని తెలిశాక సాగు ఏటి ఒడ్డు వదిలి లోపలికి నడిచింది. కాబట్టి హేచరీకి, చెరువుకి మధ్య ఉప్పు తేడా ఐదు నుంచి పాతిక పీపీటీకి పెరిగింది. దింపే పద్ధతి మాత్రం చాలాచోట్ల ఆ టైగర్ నాటి అరగంట దగ్గరే ఆగిపోయింది. చిక్కంతా అక్కడే.

నాలుక మీద వేసుకుని చెప్పొద్దు

నీటిని నాలుక మీద వేసుకుని "ఆఁ, ఐదుంటుంది" అనే అలవాటు మానాలి. మూడుకీ ఆరుకీ తేడా నాలుకకి తెలియదు, పిల్లకి తెలుస్తుంది.

చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ అందరికీ తెలిసిందే. అద్దం మీద నీటి చుక్క వేసి వెలుగు వైపు చూస్తే అంకె కనిపిస్తుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. కొలిచే ముందు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా చూపుతోందో లేదో చూసుకోవాలి. చూపకపోతే మర తిప్పి సరి చేయాలి. వాడాక మంచినీటితో కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలి.

ఐదు పీపీటీ కంటే తక్కువ నీటిలో ఈ పరికరం అంత ఖచ్చితంగా చెప్పలేదు. అలాంటి చెరువుల వాళ్లు నీటిని ల్యాబుకి పంపి ఈసీ పరీక్ష చేయించుకోవడం మంచిది. తక్కువ ఉప్పు నీటిలో ఈసీ రెండు మిల్లీ సీమెన్స్ ఉంటే సుమారు ఒక పీపీటీ అని లెక్క.

ఇంకో జాగ్రత్త. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. కాలువ నీరు పెట్టినా, వాన పడినా పైన ఒకటి, అడుగున ఒకటి ఉంటుంది. అందుకని గట్టు పక్కన పైనీరు ముంచి కొలిస్తే సరిపోదు. బిరడా బిగించిన సీసాను కర్రకి కట్టి అడుగుకి దించి, తాడుతో బిరడా లాగితే అడుగు నీరు సీసాలోకి వస్తుంది. చెరువులో నాలుగు చోట్ల పైన, కింద కొలవాలి. తేడా ఉంటే ఏరియేటర్లు తిప్పి కలిపాక మళ్లీ కొలవాలి.

హేచరీకి ఏం చెప్పాలి?

సీడు కావాలని ఫోన్ చేసేటప్పుడే "మా చెరువులో ఉప్పు ఇంత, మా నీటికి దించి ఇవ్వండి" అని చెప్పాలి. అదీ రేపు సీడు కావాలనగా ఈ రోజు కాదు, వారం పది రోజుల ముందు. 30 పీపీటీ నుంచి 5కి దించాలంటే 25 పీపీటీ తేడా. రోజుకి మూడు చొప్పున తగ్గించినా ఎనిమిది రోజులు దాటుతుంది. ఒక్క రాత్రిలో దించి ఇస్తామన్న మాట నమ్మొద్దు.

పిల్ల వయసూ ముఖ్యం. పోస్ట్ లార్వా దశకి వచ్చి పది రోజులు నిండేదాకా మొప్పలు పూర్తిగా ఎదగవు. అప్పటిదాకా పిల్ల తక్కువ ఉప్పును తట్టుకోలేదు. ఉప్పు తక్కువున్న చెరువుకి పీఎల్ 12 దాటిన సీడే తీసుకోవాలి. నాలుగు పీపీటీ కంటే తక్కువైతే పీఎల్ 15 దాకా ఆగడం మేలు.

కొనే ముందు రెండు పరీక్షలు చేయించాలి. డబ్బు ఖర్చయ్యేవి కావు, ఓపిక ఉంటే చాలు.

మొదటిది తట్టుకునే పరీక్ష. హేచరీ నీటిలో మంచినీరు కలిపి ఉప్పును సగానికి తగ్గించి, అందులో వంద పిల్లలను వదలాలి. రెండు గంటల తర్వాత లెక్కపెడితే 95కి తగ్గకుండా బతికి ఉండాలి.

రెండోది మన నీటి పరీక్ష. సీడు చూడ్డానికి వెళ్లేటప్పుడు మన చెరువు నీరు ఇరవై లీటర్ల డబ్బాతో పట్టుకెళ్లాలి. మన ఉప్పుకి దించిన పిల్లల్లోంచి వంద తీసి ఆ నీటిలో వదిలి, గాలి పెట్టి రెండు రోజులు చూడాలి. ఎక్కువ చచ్చాయంటే మన నీటిలోనే ఏదో లోటు ఉందన్నమాట. అది సీడు దింపకముందే తెలిస్తే లక్ష పిల్లల డబ్బు మిగిలినట్టే.

2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక హేచరీలకు నమోదు తప్పనిసరి అయింది. నమోదు నెంబరు, వైరస్ పరీక్ష కాగితం, సీడు ఇచ్చిన నాటి ఉప్పు అంకె మూడూ రాయించుకోవాలి.

సీడు వచ్చిన పూట

తెల్లవారుజాము గానీ, రాత్రి చల్లబడ్డాక గానీ దింపాలి. తెల్లవారుజామున ప్రాణవాయువు తక్కువ ఉంటుంది కాబట్టి ఏరియేటర్లు తిరుగుతుండాలి.

సంచులను మూతి విప్పకుండా అరగంట నీటిపై తేలనివ్వాలి. వేడి సమానమవుతుంది. ఈలోగా ఒక్క సంచి మాత్రం విప్పి అందులో ఉప్పు, వేడి కొలవాలి. మిగతావి విప్పకూడదు. దీనికి కారణం ఉంది. దారి పొడవునా పిల్లలు వదిలిన వ్యర్థంతో సంచిలో అమ్మోనియా చేరుతుంది. లోపల బొగ్గుపులుసు వాయువు కూడా నిండి పీహెచ్ తగ్గి ఉంటుంది కాబట్టి ఆ అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే విప్పాక పిల్లను ఆ నీటిలో ఊరకే ఉంచొద్దు. వెంటనే గాలి పెట్టాలి, కొత్త నీరు కలపడం మొదలుపెట్టాలి.

కొలిచాక ఏం చేయాలో అంకెలే చెబుతాయి.

సంచికీ చెరువుకీ తేడా మూడు పీపీటీ లోపు ఉంటే, సంచి విప్పి చెరువు నీరు చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ గంట, గంటన్నర సేపట్లో కలపాలి. తర్వాత సంచిని వంచితే పిల్ల తనంతట తానే ఈదుకుంటూ పోవాలి.

తేడా నాలుగు నుంచి పది దాకా ఉంటే డ్రమ్ముల పద్ధతి పాటించాలి.

తేడా పది దాటితే ఆ సీడు హేచరీలో సరిగ్గా దించలేదన్నమాట. మొహమాటం లేకుండా వెనక్కి పంపడమే మేలు.

డ్రమ్ముల లెక్క

లక్ష పిల్లలకి రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు కావాలి. ఒక్కోదానిలో వంద లీటర్ల నీరు, యాభై వేల పిల్లలు. నీరు సంచిలో ఉన్న ఉప్పుకి సరిపోయేదై ఉండాలి. సంచుల నీరు చాలకపోతే, ఆ ఉప్పుదే హేచరీ నీరు డబ్బాల్లో పంపమని ముందే చెప్పుకోవాలి. చిన్న ఎయిర్ పంపు, గాలి రాళ్లు పెట్టాలి. పాత డ్రమ్ములైతే పురుగుమందు డ్రమ్ములు ఎంత కడిగినా వాడొద్దు.

సంచిలో ఉప్పు 15, చెరువులో 5 అనుకుందాం. వంద లీటర్ల పదిహేను పీపీటీ నీటికి వంద లీటర్ల చెరువు నీరు కలిపితే పది పీపీటీ అవుతుంది. ఆ వంద లీటర్లూ ఒక్కసారి కుమ్మరించకూడదు. సన్న గొట్టంతో ధారగా రెండున్నర గంటల పాటు పడాలి. గంటకి రెండు పీపీటీకి మించి తగ్గకూడదన్నది లెక్క.

తర్వాత గొట్టం మూతికి సన్న వల గుడ్డ కట్టి వంద లీటర్లు బయటికి తోడేయాలి. మళ్లీ వంద లీటర్ల చెరువు నీరు గంటంబావు సేపు పెడితే ఏడున్నర అవుతుంది. మళ్లీ తోడి మళ్లీ నింపితే ఆరుంబావు. ప్రతి విడతకీ తేడా సగానికి సగం తగ్గుతుంది. మూడు విడతల్లో, నాలుగైదు గంటల్లో పని అయిపోతుంది. తేడా ఒకటింబావు మిగిలాక చెరువులోకి వదలొచ్చు. నాలుగు పీపీటీ కంటే దిగువకి వెళ్లాలంటే మాత్రం ఇంకా నెమ్మది, గంటకి ఒక పీపీటీకి మించకూడదు.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. సీడు డ్రమ్ముల్లోకి మారగానే వ్యాను వెళ్లిపోవచ్చు. డ్రైవరు తొందర మన పిల్ల మీద పడదు.

చివరగా, దింపేటప్పుడు వంద పిల్లలను లెక్కపెట్టి చెరువులోనే ఒక చిన్న హాపాలో వదలండి. రెండు రోజుల తర్వాత ఎన్ని ఉన్నాయో చూస్తే చెరువులో ఎన్ని బతికాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మొదటి నెల మేత ఆ లెక్క మీదే వేయాలి, బిల్లు మీద ఉన్న లెక్క మీద కాదు.

ఉప్పు ఒకటే చాలదు

"మా చెరువులో నాలుగు పీపీటీ ఉందండీ, పక్క చెరువులోనూ నాలుగే. ఆయనకి పెరుగుతున్నాయి, మాకు చస్తున్నాయి" అనే ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. పీపీటీ మొత్తం ఉప్పుల బరువే చెబుతుంది. అందులో ఏ లవణం ఎంతో చెప్పదు.

సముద్రపు నీటిని మంచినీటితో పలచన చేస్తే ఒక్కో పీపీటీకి లీటరులో సుమారు 11 మిల్లీగ్రాముల పొటాషియం, 39 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 12 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మీ చెరువు ఉప్పు అంకెతో వీటిని గుణిస్తే మీ నీటిలో ఎంత ఉండాలో తెలుస్తుంది. నాలుగు పీపీటీ చెరువుకి పొటాషియం 43, మెగ్నీషియం 156, కాల్షియం 46కి దగ్గరలో ఉండాలి. ఉప్పు బోరు నీటిలో తరచు లోటు కనిపించేది పొటాషియం.

లోటు ఉంటే వల విసిరినప్పుడు, చెక్ ట్రే ఎత్తినప్పుడు రొయ్య వంకర తిరిగి బిగుసుకుపోతుంది. కండ తెల్లబడుతుంది. గుల్ల వదిలాక పెంకు గట్టిపడదు.

ఎకరం చెరువులో నాలుగడుగుల నీటికి లీటరుకి పది మిల్లీగ్రాముల పొటాషియం పెంచాలంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సుమారు 97 కిలోలు, అంటే దాదాపు రెండు బస్తాలు కావాలి. నల్లరేగడి బంకమట్టి కొంత పొటాషియాన్ని పీల్చేసుకుంటుంది. కాబట్టి వేసి వదిలేయకుండా పది పదిహేను రోజులకి మళ్లీ పరీక్ష చేయించాలి. పరీక్ష లేకుండా దుకాణంలో ఇచ్చిన మినరల్ బస్తాలు గుమ్మరించడం డబ్బు దండగ.

వాన, ఎండ

నాలుగడుగుల నీరున్న ఐదు పీపీటీ చెరువులో పది సెంటీమీటర్ల వాన పడి, అంతా కలిసిపోతే ఉప్పు 4.6కి తగ్గుతుంది. అంతే. భయపడాల్సింది ఆ తగ్గుదలకి కాదు. వాన నీరు పైన పొరలా నిలిచి, అడుగు నీటికి గాలి అందకుండా చేయడం అసలు ప్రమాదం. కాబట్టి పైనీరు పోయేలా తూము పలకలు తీసి, ఏరియేటర్లు తిప్పాలి.

ఎండాకాలం కాలువలు కట్టేశాక దీనికి తిరగబడి ఉంటుంది. నాలుగడుగుల నీటిలో ఇరవై సెంటీమీటర్లు ఆవిరైతే ఐదు పీపీటీ ఆరు అవుతుంది. ఉప్పుటేరులో, మురుగు కాలువల్లో సముద్రపు పోటు లోపలికి ఎగదన్నే రోజులు కూడా అవే. కిందటి నెల కొలిచిన అంకె ఈ నెల పనికిరాదు. తోడే ముందు ప్రతిసారీ కొలవాలి.

పండుగప్ప, నీలకంఠ రైతులకు

చేపకీ ఇదే సూత్రం. పండుగప్ప పులసకి తలకిందులు. మంచినీటిలో, ఏటి నీటిలో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. 1997లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ శాస్త్రవేత్తలు దీనిచేత హేచరీలో గుడ్లు పెట్టించారు. హేచరీ పిల్ల సముద్రపు నీటిలోనే పుడుతుంది. రోజుకి కొంత చొప్పున దించితే మంచినీటి చెరువులోనూ బాగా పెరుగుతుంది. ఒక్కపూటలో దించితే ఒళ్లు నల్లబడి, మేత మానేస్తుంది. నీలసిన పిల్లను పక్కనున్న పెద్ద పిల్ల మింగేస్తుంది.

నీలకంఠ రొయ్య మంచినీటిదే అయినా దాని లార్వాకి 12 పీపీటీ నీరు కావాలి. పోస్ట్ లార్వా అయ్యాక హేచరీలోనే మంచినీటికి మార్చి ఇవ్వాలి. తెచ్చుకునేటప్పుడు సంచి నీరు కొలిచి చూసుకోవాలి.

పక్క చేను సంగతీ ఆలోచించాలి

"ఉప్పు చాలకపోతే ఉప్పు బస్తాలు వేద్దాం" అనుకునే వాళ్లున్నారు. ఎకరం చెరువులో నాలుగడుగుల నీటికి ఒక్క పీపీటీ పెంచాలంటే ఐదు టన్నుల ఉప్పు కావాలి. పైగా అందులో సోడియం తప్ప రొయ్యకి లోటైన పొటాషియం దాదాపు ఉండదు. అలాగే ఉప్పు బోర్లు వేసి నీరు తోడేవాళ్లూ ఉన్నారు. ఆ ఉప్పు ఎక్కడికీ పోదు. గట్టు కింద నుంచి ఊరి పక్క చేలోకి దిగుతుంది.

మట్టి నీటిలో ఈసీ మూడు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్కో అంకెకి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. నాలుగు పీపీటీ చెరువు నీటి ఈసీ ఏడు, ఎనిమిది ఉంటుంది. ఆ నీరు పంట కాలువలోకి వదిలితే కింద రైతు నారుమడి ఏమవుతుందో వేరే చెప్పాలా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా నేల ఏళ్ల తరబడి మంచినీటితో పండింది. ఆ నేలను ఉప్పు చేయడానికి రెండు మూడు పంటలు చాలు, బాగు చేయడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చొద్దని చెప్పింది కూడా ఈ బాధలు చూసే.

కాబట్టి వరి చేల మధ్య ఉన్నవాళ్లు నీటికి ఉప్పు ఎక్కించే కంటే పిల్లను ఆ నీటికి అలవాటు చేసుకోవాలి. అదీ కుదరని చోట మంచినీటి చేపలే నయం. చెరువు చుట్టూ ఊట కాలువ తీసి, ఆ నీరు మురుగు కాలువకే పోయేలా చూడాలి. పంట కాలువలోకి ఎప్పుడూ వదలకూడదు.

రైతుల సందేహాలు

ప్రశ్న: తక్కువ ఉప్పులో దింపిన పిల్లను ఎక్కువ ఉప్పు చెరువుకి మార్చొచ్చా?

జవాబు: మార్చొచ్చు. పైకి వెళ్లడం కిందికి దిగడం కంటే కొంత తేలిక. అయినా గంటల లెక్క పాటించాల్సిందే.

ప్రశ్న: డ్రమ్ముల్లో ఉన్నంతసేపు మేత వేయాలా?

జవాబు: నాలుగైదు గంటలు ఉంటాయి కాబట్టి కొద్దిగా ఆర్టీమియా వేస్తే ఒకదాన్నొకటి తినవు. పొడి మేత వేయొద్దు, నీరు పాడవుతుంది.

ప్రశ్న: నీటి పరీక్ష ఎక్కడ?

జవాబు: ఉండి, కాకినాడల్లో మత్స్య పరిశోధనా స్థానాలున్నాయి. మీ మండల మత్స్యశాఖ అధికారిని అడిగినా దగ్గర్లో ఉన్న ల్యాబు చెబుతారు. శుభ్రమైన సీసాలో నిండుగా పట్టి, చెరువు పేరు, తేదీ రాసి అదే రోజు ఇవ్వండి.

గట్టు మీద గుర్తుంచుకోండి

- సీడు అడిగే ముందే చెరువు ఉప్పు పైన, అడుగున కొలవండి.
- హేచరీకి వారం పది రోజుల ముందు అంకె చెప్పండి.
- తక్కువ ఉప్పు చెరువుకి పీఎల్ 12 దాటిన పిల్లే తీసుకోండి.
- మన నీటిలో వంద పిల్లలను రెండు రోజులు ఉంచి చూశాకే డబ్బు కట్టండి.
- గంటకి రెండు పీపీటీకి మించి తగ్గించొద్దు. నాలుగు కంటే దిగువన గంటకి ఒకటే.
- సంచి విప్పాక గాలి పెట్టకుండా వదిలేయొద్దు.
- హాపాలో బతికిన లెక్క మీదే మేత వేయండి.
- తేదీ, సంచిలో ఉప్పు, చెరువులో ఉప్పు పుస్తకంలో రాసి ఉంచండి.

ఒక రిఫ్రాక్టోమీటర్, రెండు డ్రమ్ములు, ఐదు గంటల ఓపిక. ఎకరం రైతుకి అందనివేమీ కావు ఇవి. నాలుగు నెలలు కంటికి రెప్పలా కాచుకోబోయే పిల్లకి మొదటి ఐదు గంటలు ఇవ్వలేమా? ఈసారి వ్యాను వచ్చినప్పుడు డ్రైవరు తొందర పెడితే నవ్వుతూ ఒక్క మాట చెప్పండి: "నువ్వెళ్లి టీ తాగి రా అబ్బాయ్. మా పిల్ల ఇంకా దారిలోనే ఉంది."